హేబర్ పాఠంలో లేని సగం



టీవీలో యుద్ధ వార్తలు వస్తుంటే "రసాయన ఆయుధాలంటే ఏంటి?" అని మీ పిల్లలు అడగవచ్చు. భయపెట్టకుండా, దాటవేయకుండా జవాబు చెప్పడానికి ఈ వివరాలు మీకు ఉపయోగపడతాయి.

ఎలా మొదలైంది?

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర పట్టణం దగ్గర జర్మన్ సైన్యం 150 టన్నులకు పైగా క్లోరిన్ వదిలింది. గాలి కంటే బరువైన ఆ వాయువు కందకాల్లోకి దిగి, అందులో ఉన్న సైనికులకు ఊపిరాడకుండా చేసింది. ఆ దాడికి ఏర్పాట్లు చేసింది ఫ్రిట్జ్ హేబర్. మీ పిల్లలు కెమిస్ట్రీలో చదివే 'హేబర్ పద్ధతి' ఆయనదే. అమ్మోనియా తయారీకి 1918 నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఆయనకే. ఎరువులతో కోట్లమందికి తిండి పెట్టిన చదువే విషవాయువునూ యుద్ధానికి తెచ్చింది.

శరీరానికి ఏమవుతుంది?

• క్లోరిన్: ఊపిరితిత్తుల్లోని తడితో కలిసి ఆమ్లాలుగా మారుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.
• మస్టర్డ్ గ్యాస్: 1917 నుంచి వాడారు. తగిలిన వెంటనే తెలియదు. కొన్ని గంటల తర్వాత చర్మం బొబ్బలెక్కుతుంది, కళ్లు దెబ్బతింటాయి. తర్వాత క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది.
• సారిన్: 1938లో జర్మనీలో పురుగుమందుల పరిశోధనలో బయటపడింది. నరాల సంకేతాలను అదుపు చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. కండరాలు పట్టు తప్పి శ్వాస ఆగిపోతుంది. పొలాల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందుల విషం కూడా ఇదే తీరున పనిచేస్తుంది. అందుకే రెండింటికీ చికిత్సలో అట్రోపిన్ వాడతారు.

నిషేధం

1925 జెనీవా ప్రోటోకాల్ యుద్ధంలో వీటి వాడకాన్ని నిషేధించింది కానీ, తయారీని ఆపలేదు. 1988లో ఇరాక్‌లోని హలబ్జాలో ఆ దేశ సైన్యమే విషవాయువులు ప్రయోగించడంతో పిల్లలతో సహా వేలమంది కుర్దులు చనిపోయారు. 1997లో అమల్లోకి వచ్చిన ఒప్పందం తయారీని, నిల్వను కూడా నిషేధించింది. మన దేశం తన నిల్వలన్నిటినీ 2009 నాటికి ధ్వంసం చేసింది.

ఇంట్లో జాగ్రత్త

బ్లీచింగ్ పౌడర్‌ను బాత్‌రూమ్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి. అప్పుడు వెలువడేది కూడా క్లోరినే. పొరపాటున కలిస్తే వెంటనే అందరూ ఆరుబయటికి వెళ్లాలి. దగ్గు, ఆయాసం ఉంటే డాక్టర్‌కు చూపించాలి.

ఈ నెల పిల్లలతో మాట్లాడండి

"హేబర్ స్థానంలో నువ్వుంటే ఏం చేసేవాడివి, ఏం చేసేదానివి?" అని అడగండి. ఈ ప్రశ్నకు మార్కులు లేవు. వాళ్ల జవాబు మాత్రం ఓపికగా వినండి.