మూర్తిమత్వ ప్రశ్నావళుల సప్రమాణత

మూర్తిమత్వ ప్రశ్నావళి యొక్క సప్రమాణత అనగా, ఏ లక్షణాన్ని కొలవడానికి ఆ ప్రశ్నావళిని రూపొందించారో ఆ లక్షణాన్నే అది నిజంగా కొలుస్తున్నదా అనే విషయం. దీనిని విశ్వసనీయతగా పొరబడరాదు. ఒకే వ్యక్తికి కొద్ది వారాల తేడాతో రెండుసార్లు ఇచ్చినపుడు దాదాపు ఒకే గణన వస్తే ప్రశ్నావళి విశ్వసనీయమైనది. ప్రతిసారీ వంద గ్రాములు తక్కువ తూచే కాటా కూడా ఈ అర్థంలో విశ్వసనీయమే!

విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో ఆచార్య కోనేరు రామకృష్ణారావు (1932–2021) మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్రాల శాఖను నెలకొల్పారు. కాంతామణి, రామకృష్ణారావు 1971–73 మధ్య ప్రచురించిన పరిశోధనలలో, అమెరికాలో కాటెల్ తదితరులు రూపొందించిన ఉన్నత పాఠశాల మూర్తిమత్వ ప్రశ్నావళిని భారతీయ విద్యార్థులకు ఇచ్చి, వారి గణనలను అతీంద్రియ గ్రహణ ఫలితాలతో పోల్చారు. అతీంద్రియ గ్రహణం మాట అటుంచితే, ఇటువంటి పోలికకు పునాది ప్రశ్నావళి సప్రమాణతే. ఆ ప్రశ్నావళి 14 లక్షణాలను కొలుస్తుంది. అయితే ఒక దేశపు పిల్లల మీద స్థిరపరచిన ప్రమాణాలు మరొక దేశానికి వాటంతట అవే వర్తించవు. పెద్దల ఎదుట మాట్లాడకపోవడం తెలుగు ఇళ్ళలో మర్యాద. దానిని అంతర్ముఖతగా లెక్కిస్తే కొలిచినది పెంపకాన్నే గాని స్వభావాన్ని కాదు. కాబట్టి తెలుగులోకి అనువదించిన ప్రశ్నలను, మూలం చూడని మరొకరి చేత తిరిగి ఆంగ్లంలోకి మార్పించి సరిపోల్చడమే గాక, సప్రమాణతను ఇక్కడివారి మీద మళ్ళీ పరీక్షించాలి.

పరీక్షించే విధానం

ఓడరేవులో క్రేను నడిపేవారి జాగరూకతను కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారైందనుకుందాం. మొదట, పనిలో అనుభవమున్నవారు ప్రశ్నలు ఆ పనికి తగినట్లున్నాయా అని చూస్తారు. ఇది విషయ సప్రమాణత. తరువాత కొత్తగా చేరినవారి గణనలను నమోదు చేసి, ఏడాది గడిచాక వారి ప్రమాదాల చిట్టాతోను, పర్యవేక్షకుల అంచనాలతోను పోలుస్తారు. ఇది ప్రాగుక్తి సప్రమాణత. ఈ ఏడాదిలో గణనలు పర్యవేక్షకుని కంట పడకూడదు. పడితే అతని అంచనా వాటివైపే మొగ్గుతుంది. తక్కువ గణన వచ్చినవారిని ముందే తిరస్కరించినా పరీక్ష చెడుతుంది, ఎందుకంటే పోల్చడానికి వారు మిగలరు. సహసంబంధ గుణకం 0.30 వచ్చిందంటే పనితీరులోని తేడాలలో సుమారు 9 శాతాన్ని మాత్రమే ప్రశ్నావళి వివరించినట్లు. ఇంతమాత్రాన్ని నమ్మి ఒకరి ఉద్యోగాన్ని కాదనడం అన్యాయమే అవుతుంది.

"నిజాయితీ", "సత్త్వగుణం" వంటి వాటికి ఇటువంటి చిట్టా ఏదీ దొరకదు. అందుచేత క్రాన్‌బాక్, మీల్ 1955లో నిర్మాణ సప్రమాణతను ప్రతిపాదించారు. సిద్ధాంతం ప్రకారం కలవవలసిన కొలతలతో గణనలు కలవాలి, కలవకూడని వాటితో కలవకూడదు. ఈ రెండింటినీ ఒకే పట్టికలో చూసే పద్ధతిని కాంప్‌బెల్, ఫిస్క్ 1959లో చూపారు.

ఉద్యోగార్థి మంచివాడుగా కనబడేలా జవాబులివ్వడం సహజం. 1943లో వెలువడిన మిన్నెసోటా ప్రశ్నావళిలో దీనిని పసిగట్టడానికి ప్రత్యేక మాపని ఉంది: ఎవరికైనా ఉండే చిన్న లోపాలన్నీ తనకు లేవనేవారు అందులో పట్టుబడతారు. నింపినవారు "అచ్చం నాలాగే ఉంది" అనడం సప్రమాణతకు సాక్ష్యం కాదు. 1949లో ప్రచురించిన ప్రయోగంలో ఫోరర్ తన విద్యార్థులందరికీ ఒకే వర్ణనను, ఎవరిది వారికే రాసినట్లుగా పంచగా, వారు దానికి 5కి సగటున 4.26 మార్కులు వేశారు.