ఉష్ణమాపకమే తప్పు చెప్పినచో?

ఆరోగ్యముగ లేచి తిరుగుచు, మాటలాడుచున్న మనిషికి 45 డిగ్రీల సెంటిగ్రేడు జ్వరమున్నదని ఉష్ణమాపకము చూపినచో, వైద్యుడు మందు వ్రాయడు, ఉష్ణమాపకమునే అనుమానించును. ఇట్టి అనుమానమే నేటి మైక్రోవేవు ఓవెనులలో కొన్నింటికి నేర్పబడినది. లోపలి వేడిని కొలుచు భాగమునుండి నమ్మరాని అంకె వచ్చినపుడు, ఓవెను పని నిలిపి తెరపై దోషసంకేతమును చూపును. ఆ సంకేతమును చూచి, కొలుచు భాగమే చెడినదని తలచి దానిని మార్పించుట కలదు. ఒక్కొక్కప్పుడు మార్చిన పిమ్మట కూడ అదే సంకేతము మరల కనిపించును. ఇట్లేల జరుగును?

కేవలము మైక్రోవేవులతో ఆహారమును వేడిచేయు సామాన్యపు ఓవెను ముఖ్యముగ కాలమును, శక్తిని లెక్కించుకొనును. అందులోని మాగ్నెట్రాను అను గొట్టము సెకనుకు సుమారు 245 కోట్ల సార్లు కంపించు తరంగములను పుట్టించును. ఆహారములోని నీటి అణువులు ఆ శక్తిని గ్రహించి వేడెక్కును. కాని కేకులు, రొట్టెలు కాల్చుటకు వేడిగాలిని కూడ ఉపయోగించు ఓవెనులలో గాలి 180 డిగ్రీల వద్దనో 200 డిగ్రీల వద్దనో నిలువవలెను. అందుకు వేడిని ఎడతెగక కొలుచు సాధనము కావలెను. చాల ఓవెనులలో ఆ పని చేయునది థర్మిస్టరు.

థర్మిస్టరనగా లోహపు ఆక్సైడులతో చేసిన చిన్న పూస. రాగితీగ వేడెక్కినకొలది దాని విద్యున్నిరోధము పెరుగును. ఈ పూసలో అందుకు విరుద్ధముగ నిరోధము తగ్గును. అర్ధవాహకము వేడెక్కినపుడు విద్యుత్తును మోయగల కణములు అందులో ఎక్కువగ విడుదలయగుటయే ఇందుకు కారణము. మైకేల్ ఫారడే 1833లోనే వెండి సల్ఫైడులో ఈ గుణమును గమనించెను. బజారున దొరకు ఒక సామాన్యపు రకము థర్మిస్టరు 25 డిగ్రీల వద్ద 10,000 ఓములు, కరగుచున్న మంచులో సుమారు 33,000 ఓములు, మరుగునీటిలో సుమారు 700 ఓములు చూపును. ఓవెనులలో అమర్చు రకములకు అంకెలు వేరుగ ఉండవచ్చును. వాని పట్టికను ఆయా ఓవెనుల మరమ్మతు పుస్తకములలో చూడవలెను.

ఓవెను నియంత్రణ పలక ఓములను నేరుగ చూడదు, వోల్టులనే చూచును. 10,000 ఓముల స్థిరనిరోధమును, పైన చెప్పిన థర్మిస్టరును వరుసగ కలిపి 5 వోల్టులు ఇచ్చినారనుకొనుడు. అప్పుడు థర్మిస్టరు కొనల మధ్య 25 డిగ్రీల వద్ద 2.5 వోల్టులు, 100 డిగ్రీల వద్ద సుమారు 0.33 వోల్టు ఉండును. తీగ తెగినచో పూర్తిగ 5 వోల్టులు, రెండు తీగలు ఒకదానికొకటి తగిలినచో సున్న కనిపించును. మొదటిది లోకములో లేని చలి. రెండవది ఓవెను ఎన్నడును చేరలేని వేడి. రెండును అసంభవములు గనుక పలక దోషసంకేతము నిచ్చును.

అనగా ఆ సంకేతమునకు అర్థము “అసంభవమైన అంకె వచ్చినది” అని మాత్రమే. పూస చెడెనా, తీగ తెగెనా, కనెక్టరు వదులయ్యెనా, పలకయే చెడెనా అను సంగతి అది చెప్పదు. దానిని పరీక్షచేతనే తెలిసికొనవలెను.

అనుభవముగల మరమ్మతుదారు ముందుగ ప్లగ్గు తీసి, లోపలి కెపాసిటరులో నిలిచిన విద్యుత్తును తగిన విధమున తొలగించును. తరువాత పలకనుండి కనెక్టరును ఊడదీసి, తీగల కొనలవద్ద నిరోధమును కొలుచును. అది పట్టికతో సరిపోయినచో పూస, తీగ మంచివని ఒకమాట చెప్పవచ్చును. అంతులేని నిరోధము కనిపించినచో పూసవద్దనే మరల కొలిచి, తెగినది పూసయో తీగయో తేల్చును. పిమ్మట పూసను మెల్లగ వేడిచేయును. నిరోధము ఎగుడుదిగుడులు లేక తగ్గవలెను. నడుమ గంతులు వేసినచో పూసలోనో, అతుకులోనో పగులున్నదని అనుమానించవలెను. చివరకు పూసకు బదులు తెలిసిన స్థిరనిరోధమును పలకకు తగిలించును. అప్పటికిని సంకేతము పోనిచో లోపము పూసవైపున లేదు, పలకవైపున వెదకవలెను.

సంకేతమే రాని లోపము వీనికన్న మోసకరమైనది. కనెక్టరుకు చిలుము పట్టి 300 ఓముల నిరోధము అదనముగ చేరినదనుకొనుడు. గది వేడిమిలో 10,000 ఓములకు 300 చేరినచో తేడా ఒక డిగ్రీకి లోపే. పరీక్షలో అంతయు బాగుగనే కనిపించును. కాని 100 డిగ్రీల వద్ద 700 ఓములకు 300 చేరినచో పలకకు సుమారు 88 డిగ్రీలుగ తోచును. వేడి చాలలేదని అది ఇంకను వేడిచేయును; కేకు మాడును. కాబట్టి చల్లగ ఉన్నపుడు మాత్రమే చేసిన పరీక్ష చాలదు. ఓవెనులో వేడిగాలిని మాత్రమే నడిపి, వేరొక ఓవెను ఉష్ణమాపకముతో సరిచూడవలెను. మైక్రోవేవులు నడచునపుడు మామూలు ఉష్ణమాపకమును లోపల ఉంచరాదు.

ఒక హెచ్చరిక. ఓవెనులోని కెపాసిటరు 2,000 వోల్టులకు పైబడిన పీడనముతో పనిచేయును. ప్లగ్గు తీసిన తరువాత కూడ అందులో ప్రాణాంతకమైన విద్యుత్తు మిగిలియుండవచ్చును. విద్యార్థులు ఓవెను మూత ఎన్నడును విప్పరాదు.

ఈ పాఠము నేర్చుకొనుటకు ఓవెను అక్కరలేదు. ఒక థర్మిస్టరు, 10,000 ఓముల నిరోధము, రెండు టార్చి బ్యాటరీలు, ఒక మల్టీమీటరు చాలును. పూసను తడి తగులకుండ పలుచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మంచునీటిలోను, కుండనీటిలోను, వేడినీటిలోను ఉంచి, దాని కొనల మధ్య వోల్టులను వ్రాసికొనవలెను. తరువాత ఉపాధ్యాయుడు విద్యార్థులకు తెలియకుండ 300 ఓముల నిరోధమును పూసతో వరుసగ చేర్చి, పూసయు అదియు కలిసిన కొనలవద్ద మరల కొలిపించవలెను. చన్నీటిలో దాగిన ఆ లోపము వేడినీటిలో బయటపడుటను విద్యార్థులు తామే కనుగొందురు.