బిరుసెక్కే ధమనులు

గుండె సంకోచించినప్పుడు బృహద్ధమని సాగి కొంత రక్తాన్ని తనలో నిలుపుకొంటుంది. గుండె సడలినప్పుడు ముడుచుకొని దానిని ముందుకు నెడుతుంది. మధుమేహంలో గ్లూకోజ్ ధమని గోడలోని కొల్లాజెన్ పోగులకు అంటుకొని, వాటిని ఒకదానితో ఒకటి బంధిస్తుంది. సాగేగుణం తగ్గుతుంది. మూత్రపిండాలు కూడా దెబ్బతింటే రక్తంలో ఫాస్ఫేట్ పెరిగి, గోడ మధ్యపొరలో కాల్షియం పేరుకుంటుంది. (దీనిని లోపొరలో ఏర్పడే కొలెస్ట్రాల్ పూడికతో విద్యార్థులు తరచూ కలిపేస్తారు.)

ఫలితంగా రక్తపీడనంలో పై అంకె పెరుగుతుంది, కింది అంకె తగ్గుతుంది. 120/80లో తేడా 40, 160/70లో 90. కింది అంకె చూసి నిశ్చింతగా ఉండరాదు. బిరుసెక్కిన ధమని గుండె స్పందనను మెత్తబరచలేదు కనుక, ప్రతి స్పందన తాకిడీ మూత్రపిండంలోని సూక్ష్మ రక్తనాళాల దాకా చేరి వాటిని ఇంకా దెబ్బతీస్తుంది.