సీల్ మారిస్తే సరిపోదు... కారణం పట్టుకోవాలి!

కోర్ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఎవరినీ పెద్దగా భయపెట్టదు. 'మీ ప్రాజెక్టులో ఏం చేశారు?' అంటే అందరూ గడగడా చెప్పేస్తారు. చిక్కు వచ్చేది రెండో ప్రశ్న దగ్గరే. 'అలాగే ఎందుకు చేశారు?' అమీర్‌పేటలో డబ్బిచ్చి తెచ్చుకున్న రెడీమేడ్ ప్రాజెక్టు సరిగ్గా ఇక్కడే చేతులెత్తేస్తుంది. రిపోర్టు బైండింగ్ బ్రహ్మాండంగా ఉంటుంది. 'ఎందుకు'కి మాత్రం అందులో జవాబు ఉండదు.

మెకానికల్, ఆటోమొబైల్ బ్రాంచిల్లో ఉన్న మీరు ఈ 'ఎందుకు'ని అలవాటు చేసుకోవడానికి ఖరీదైన ల్యాబ్ ఏమీ అక్కర్లేదు. ఒక పాత మిలిటరీ ట్రక్కు యాక్సిళ్లు, సస్పెన్షన్ ఎలా బాగుచేస్తారో ఓపిగ్గా అర్థం చేసుకుంటే చాలు. నమ్మకం కుదరట్లేదా? అయితే ఓసారి ట్రక్కు కిందకి దూరి చూద్దాం రండి.

ఏ ట్రక్కు?

అమెరికా సైన్యం దశాబ్దాల పాటు వాడిన ఎం35ఏ2ని తీసుకుందాం. ముద్దుపేరు 'డ్యూస్ అండ్ ఎ హాఫ్'. అంటే రెండున్నర అని. రోడ్డు లేని చోట రెండున్నర టన్నులు మోసే బండి కాబట్టి ఆ పేరు. మంచి రోడ్డు మీద 5 టన్నులు మోస్తుంది. ఖాళీగానే దాదాపు 6 టన్నుల బరువు. మూడు యాక్సిళ్లకీ ఇంజిన్ శక్తి అందుతుంది, అంటే 6×6. సైన్యం పక్కనపెట్టాక వేలంలో అమ్మేస్తే అక్కడి రైతులు, పాత బండ్ల ప్రేమికులు కొనుక్కుని ఇప్పటికీ బాగుచేసుకుంటున్నారు.

ఈ బండినే ఎందుకు ఎంచుకున్నానంటే, దీని రిపేరు మాన్యువల్స్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. టీఎం 9-2320-361 సిరీస్ అని వెతకండి. చివర 10 ఉంటే డ్రైవరుకి, 20 ఉంటే యూనిట్ మెకానిక్‌కి, 34 ఉంటే పెద్ద రిపేర్లు చేసేవాళ్లకి. ఏ భాగం ఏ వరసలో విప్పాలి, ఎంత బిగించాలి అన్నీ బొమ్మలతో ఉంటాయి. టెక్నికల్ డాక్యుమెంట్ చదవడం ఎలాగో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పుస్తకం తేలిగ్గా దొరకదు.

విప్పే ముందు...

కుర్రాళ్లకి స్పానర్ దొరకగానే చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. ముందు జాగ్రత్తలు. జాకీ అనేది పైకి లేపడానికే, నిలబెట్టడానికి కాదు. కదలకుండా చక్రాలకి అడ్డం పెట్టి, గట్టి స్టాండ్ల మీద దించాకే కిందకి దూరాలి. చక్రం రిమ్‌కి లాక్ రింగ్ ఉంటుంది. గాలి నిండా ఉన్నప్పుడు అది ఎగిరి వచ్చి తగిలితే ప్రాణం పోతుంది. అందుకే చక్రం విప్పేముందే గాలి తీసేస్తారు, మళ్లీ నింపేటప్పుడు ఇనుప పంజరంలో పెట్టి నింపుతారు. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి ఆ దుమ్ముని గాలి కొట్టి ఊదకూడదు.

ఇంకో సంగతి. ఈ ట్రక్కు ఎడమవైపు చక్రాల నట్లు తిరగేసిన మరతో ఉంటాయి. చక్రం తిరిగే దిశకి అవి వాటంతటవే వదులవకుండా అలా పెట్టారు. మాన్యువల్ చదవనివాళ్లు వదులు చేస్తున్నామనుకుని ఇంకా బిగించేసి, బోల్టు విరగ్గొట్టేస్తారు. 'ఎందుకు' తెలియకపోతే జరిగే మొదటి నష్టం అదే!

జాగ్రత్తలు అయ్యాక విప్పుతూ ప్రతి దశలో ఫొటో తీయాలి, కొలతలు రాసుకోవాలి, భాగాలకి కుడి, ఎడమ అని చీటీలు కట్టాలి. అరిగిన తీరు, తుప్పు పట్టిన చోటు, ఆయిల్ మరక వెళ్లిన దారి... ఇవన్నీ సాక్ష్యాలు. కిరోసిన్‌తో కడిగేశామంటే సాక్ష్యం పోయినట్టే.

కేసు 1: డ్రమ్ములో ఆయిల్

చక్రం ఊడదీస్తే బ్రేక్ డ్రమ్ము లోపల తడి కనిపించింది అనుకుందాం. తొందరపడేవాడు వెంటనే కొత్త ఆయిల్ సీల్ వేసేస్తాడు. నెల తిరిగేసరికి మళ్లీ కారుతుంది.

ముందు అడగాల్సిన ప్రశ్న: అది ఏ ద్రవం? చిక్కగా ఉంటే బేరింగ్ గ్రీజు. గంధకం వాసన ఘాటుగా వస్తే యాక్సిల్‌లోని గేర్ ఆయిల్. రెండూ కాకపోతే వీల్ సిలిండర్ నుంచి వచ్చిన బ్రేక్ ఫ్లూయిడ్ కావచ్చు. ఈ మూడోది మరీ ప్రమాదం. ఎం35ఏ2లో బ్రేకుల హైడ్రాలిక్ సర్క్యూట్ ఒక్కటే. ఒక్క చక్రం దగ్గర పూర్తిగా లీకైతే అన్ని చక్రాలకీ బ్రేకులు పోతాయి.

గేర్ ఆయిల్ అని తేలింది. అది హబ్ దాకా ఎలా వచ్చింది? ఈ యాక్సిల్ ఫుల్ ఫ్లోటింగ్ రకం. బరువంతా హౌసింగ్ చివర ఉండే స్పిండిల్, బేరింగులు మోస్తాయి. లోపలి షాఫ్టు పని తిప్పడం వరకే. ఆ షాఫ్టు వెంబడి ఆయిల్ బయటికి రాకుండా సీల్ కాపలా కాస్తుంది. సీల్ ఓడిపోవడానికి కారణాలు చాలా ఉండొచ్చు. స్పిండిల్ మీద పాత సీల్ గాడి పెట్టి ఉంటే, కొత్తది వేసినా ఆ గాడి లోంచి ఆయిల్ కారుతుంది. బేరింగ్ వదులుగా ఉంటే చక్రం ఊగి సీల్ పెదవి పాడవుతుంది.

చాలామంది చూడని కారణం ఇంకోటి ఉంది: యాక్సిల్ హౌసింగ్ పైన ఉండే చిన్న బ్రీదర్. బండి నడిస్తే ఆయిల్ వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడి పోవడానికే బ్రీదర్. అది బురదతో, పెయింటుతో మూసుకుపోతే ఒత్తిడికి దారి ఉండదు. అప్పుడు ఆయిల్‌ని సీల్ మీదికి నెడుతుంది. అంటే నింద సీల్ మీద, తప్పు బ్రీదర్‌ది. ఇంటర్‌లో చదివిన వాయు నియమమే ఇక్కడ గ్రీజు పూసుకుని కనిపిస్తోంది, అంతే.

కేసు 2: విరిగిన కమాన్ కట్ట

వెనక రెండు యాక్సిళ్లకీ కలిపి ఒక్కో పక్కన ఒక్కో కమాన్ కట్ట ఉంటుంది. మన లారీల్లోలా కాకుండా తిరగేసి ఉంటుంది. మధ్యభాగాన్ని ట్రనియన్ మీద తిరిగే సీటుకి యూ-బోల్టులతో బిగిస్తారు. రెండు కొసలూ రెండు యాక్సిళ్ల మీద ఆనుతాయి. ఒక చక్రం రాయెక్కితే కట్ట తక్కెడలా ఊగి, బరువుని రెండో చక్రానికి కూడా పంచుతుంది.

ఈ కట్టలు మోసేది బరువు మాత్రమే. బ్రేకు వేసినప్పుడు, బండి లాగేటప్పుడు యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరగకుండా, మెలి తిరగకుండా పట్టుకునేవి ఆరు టార్క్ రాడ్లు. రెండు పనులు, రెండు వేర్వేరు భాగాలు. ఇది డిజైనర్ తెలివి. డ్రాయింగ్ గీసి చూపిస్తే ఇంటర్వ్యూలో మీకు మంచి మార్కులు వేయించే పాయింటు.

ఇప్పుడు ఒక పట్టీ మధ్య రంధ్రం దగ్గర విరిగింది. 'ఓవర్‌లోడ్ వేసుంటారు' అని తేల్చేయకండి. యూ-బోల్టు వదులైతే, బిగువుగా పట్టి ఉండాల్సిన ఆ మధ్యభాగం ప్రతి గుంతలోనూ వంగుతూ లేస్తూ ఉంటుంది. రంధ్రం ఉన్నచోట స్ట్రెస్ కాన్సంట్రేషన్ ఎలాగూ ఎక్కువే. ఫెటీగ్ మొదలై అక్కడే విరుగుతుంది. కాబట్టి యూ-బోల్టు బిగువు చూడకుండా కొత్త పట్టీ వేస్తే అదీ అదే చోట పోతుంది. కొత్త కట్ట వేశాక కొంత దూరం నడిపి మళ్లీ బిగించమనేది అందుకే.

విరిగిన పట్టీకి వెల్డింగ్ పెట్టకూడదు. స్ప్రింగ్ స్టీల్‌కి హీట్ ట్రీట్‌మెంట్‌తో వచ్చిన గుణం ఆ వేడికి పోతుంది. మెటలర్జీ పేపర్లో 10 మార్కులకి రాసిన జవాబు గుర్తుందిగా? అదే ఇది.

కేసు 3: టైర్లు అరుగుతున్నాయి

వెనక టైర్లు తొందరగా అరిగిపోతున్నాయి, గేర్ల నుంచి శబ్దం వస్తోంది. గేర్లు విప్పే ముందు టేపు తీసుకుని టైర్ల చుట్టుకొలత కొలవండి.

ఎం35ఏ2లో వెనక రెండు యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ లేదు. రెండూ ఒకే షాఫ్టు వరసలో, ఒకే వేగంతో తిరగాలి. ఒక యాక్సిల్‌కి కొత్త టైర్లు, రెండోదానికి అరిగినవి వేశారనుకోండి. చుట్టుకొలతలో తేడా 1 శాతమే అయినా, కిలోమీటరుకి 10 మీటర్ల తేడా వస్తుంది. బురదలో అయితే టైరు జారి సర్దుకుంటుంది. పొడి తారురోడ్డు మీద జారదు. అప్పుడు ఆ తేడా అంతా షాఫ్టుల్లో, గేర్లలో మెలికగా పేరుకుని, టైరు ఈడ్చుకుపోయినప్పుడే వదులుతుంది. రోగం గేర్లలో కనిపించింది, పుట్టింది టైర్లలో. అరిగిన టార్క్ రాడ్ బుష్ వల్ల యాక్సిల్ వరస తప్పి వంకరైనా టైర్లు తొందరగా అరుగుతాయి. కాబట్టి దాన్నీ చూడాలి.

సరదాగా ఒక లెక్క. ఈ యాక్సిల్ గేర్ రేషియో 6.72. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేసి ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని, రెండోదాన్ని పూర్తిగా ఒక చుట్టు తిప్పితే యాక్సిల్ ఇన్‌పుట్ ఎన్ని చుట్లు తిరుగుతుంది? 6.72 అంటే తప్పు. 3.36. ఎందుకో మీ డిఫరెన్షియల్ పాఠం తీసి చూడండి.

బిగించడంలోనూ లెక్కే

'గట్టిగా బిగించాను' అనే మాటకి వర్క్‌షాపులో విలువ లేదు. వీల్ బేరింగ్ మరీ బిగిస్తే వేడెక్కి కాలిపోతుంది, వదిలేస్తే చక్రం ఊగుతుంది. అందుకే చక్రాన్ని తిప్పుతూ లోపలి నట్ బిగించి, మాన్యువల్ చెప్పినంత వెనక్కి వదిలి, లాక్ వాషర్ పెట్టి, బయటి నట్ బిగిస్తారు. బయటిది బిగించాక ఆట కొంచెం మారుతుంది కాబట్టి మళ్లీ చూసుకోవాలి.

ముందు యాక్సిల్ స్టీరింగ్ నకిల్ దగ్గర బేరింగ్ బిగువుని పల్చటి షిమ్ములతో సర్దుతారు. సరిపోయిందో లేదో తెలియడానికి టై రాడ్ విప్పి, స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి, అది ఎంత చూపిస్తోందో చదువుతారు. సాదాసీదా త్రాసే, కానీ అనుభవం తక్కువున్నవాడి చేతికి కూడా నమ్మదగిన అంకె ఇస్తుంది.

మన దగ్గర ఎలా?

ఎం35 మన వీధిలో దొరకదు. దాని సూత్రాలు మాత్రం ప్రతి లారీ కిందా ఉన్నాయి. ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్, హబ్ సీళ్లు, బ్రీదర్, కమాన్ కట్టలు, యూ-బోల్టులు... అన్నీ విజయవాడ ఆటోనగర్‌లో రోజూ విప్పుతూనే ఉంటారు. సెలవుల్లో రెండు వారాలు ఒక షెడ్డులో నిలబడండి. అక్కడ 'బాబాయ్' అంటారో, 'అన్నా' అంటారో చూసుకుని మర్యాదగా అడిగితే ఏ మేస్త్రీ కాదనడు. ఆయన చేతికి తెలిసిన 'ఎలా'కి మీ పుస్తకంలోని 'ఎందుకు' జోడించండి. మీరు ఆయనకి నేర్పడానికి వెళ్లలేదన్న సంగతి మాత్రం మరవకండి.

డిగ్రీ, డిప్లొమా అయినవాళ్లు నాట్స్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్ దొరుకుతుంది. ఆర్టీసీ అప్రెంటిస్ నోటిఫికేషన్ల మీద కూడా ఓ కన్నేసి ఉంచండి. మిలిటరీ బండ్ల మీదే మనసు పడితే, సైన్యం వాహనాలు, ఆయుధాల మరమ్మతు చూసే ఈఎంఈ కోర్ ఉంది. దాని శిక్షణ సంస్థ మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీరింగ్ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. ఇంజినీరింగ్ పట్టభద్రులకి షార్ట్ సర్వీస్ టెక్నికల్ ఎంట్రీ దారి తెరిచే ఉంది. అర్హతలు, వయసు వివరాలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

రెజ్యుమెలో ఇలా రాయండి

'లారీ వర్క్‌షాపులో ఇంటర్న్‌షిప్ చేశాను' అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. చూసిన ఒక్కో రిపేరుకీ నాలుగు వరుసలు రాసుకోండి. ఏం కనిపించింది? ఏమేం కారణాలు అనుమానించారు? ఏం కొలిచి వాటిని ఒక్కొక్కటీ కొట్టేశారు? చివరికి అసలు కారణం ఏమిటి, మళ్లీ రాకుండా ఏం చేశారు? ఇలాంటివి ఐదు కేసులు చేతిలో ఉంటే, వాటి నుంచి ఒకటి రెజ్యుమెలోకి, మిగతావి ఇంటర్వ్యూకి.

రేపు పని మొదలెట్టాలంటే ఖర్చు ఒక నోటు పుస్తకం, ఒక టేపు. పక్క షెడ్డులో హబ్ విప్పి ఉన్న లారీ కనిపిస్తే, మేస్త్రీని అడిగి ముందు బ్రీదర్ ఎక్కడుందో వెతకండి. అది మూసుకుపోయి ఉంటే మీ మొదటి కేసు దొరికినట్టే!