ప్రయాణములందు రైతు ఆహారము, ఆరోగ్యరక్షణము

పత్తి విత్తుటకు ముందు రైతు నేల పదును చూచును. బండి కట్టుటకు ముందు ఎద్దు డెక్కను, ట్రాక్టరు కదలించుటకు ముందు చమురును నీటిని పరీక్షించును. అంత జాగరూకుడైన రైతే వేకువను సరకు వేసికొని ప్రొద్దుటూరునకు బయలుదేరునప్పుడు తన కడుపులో నేమున్నదో, త్రాగుటకు వెంట నీరున్నదో లేదో చూచుకొనడు. ఈ యజాగ్రత్తవలన ఎట్టి యాపద కలుగునో నేను కన్నులార చూచితిని గనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

కొన్ని యేండ్ల క్రిందట వేసవిలో పులివెందుల ప్రాంతపు రైతులు కొందరు వేరుసెనగకాయలు అమ్ముకొనుటకు ప్రొద్దుటూరు పోవుచుండగా నేనును వారితో పోయితిని. వారిలో నొకనికి ఏబదియేండ్లుండును, మధుమేహము కలదు. అతడు తెల్లవారుజామున మాత్ర వేసికొని, తూకము త్వరగా ముగియునని తలచి, ఇంటివారు కట్టియిచ్చిన సద్దిని విప్పక యుంచెను. తూకము ఆలస్యమయ్యెను. మధ్యాహ్నము రెండు గంటల వేళకు అతనికి చెమటలు పోసెను, చేతులు వణకెను, మాట తడబడెను. కొందరు ఎండదెబ్బ యనిరి, కొందరు త్రాగియున్నాడనిరి. నేను అతనిని నీడకు చేర్చి మంచినీళ్లు మాత్రమే యిచ్చితిని.

అప్పుడు మూటలు మోయు హమాలీ యొకడు వచ్చి చూచి, "సామీ, ఇది ఎండదెబ్బ గాదు. చక్కెర పడిపోయిండాది. మాయమ్మకు ఇట్లే వస్తాది" అని టీ అంగడికి పరుగెత్తి, గ్లాసెడు నీటిలో చక్కెర కలిపి తెచ్చి త్రాగించెను. పావుగంటలో రోగి తేరుకొని తన పేరును, ఊరిపేరును స్పష్టముగా చెప్పెను. ఆకు చూచి పైరు తెగులు చెప్పగల నాకు, ప్రక్కనున్న మనుష్యుని ప్రాణాపాయము తెలియలేదు. చదువు రాని హమాలీకి తెలిసినది. ఎట్లు తెలిసినదని యడిగితిని. తమ వీధికి వచ్చు ఆశా కార్యకర్త నేర్పినదని చెప్పెను.

మన ప్రాంతపు రైతునకు ప్రయాణములు తక్కువ కావు. పత్తికిని వేరుసెనగకును ప్రొద్దుటూరు, చీనీకాయలకు అనంతపురము, కచ్చేరీ పనులకు కడప, పెద్ద జబ్బులకు తిరుపతి, వేలూరు పోవలసి యుండును. కనుక ఏమి తినవలెను, ఏమి వెంట గొనిపోవలెను, దారిలో శరీరము నెట్లు కాపాడుకొనవలెను, నేర్చినదానిని తోడివారికెట్లు బోధింపవలెను అను నాలుగు సంగతులను వరుసగా విచారింతము.

1. ఏమి తినవలెను

జొన్నలు, కొర్రలు, ఆరికెలు, సజ్జలు, రాగులు మన పెద్దల ఆహారము. వరియన్నము నాడు పండుగ భోజనముగా నుండెను. కాలువనీరును, చౌకబియ్యమును వచ్చిన తరువాత వరియన్నము మూడుపూటల భోజనమైనది. పాలిషు పట్టిన బియ్యమున 100 గ్రాములకు పీచు 3 గ్రాములైనను ఉండదు. రాగులలో సుమారు 11 గ్రాములుండును. రాగులలో సున్నము 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు. బియ్యమున పది మిల్లీగ్రాములకు అటునిటు. పీచు ఎక్కువగా నున్న ధాన్యము మెల్లగా జీర్ణమగుటచే, రక్తములో చక్కెర ఒక్కుమ్మడిగా పెరుగదు, ఆకలియు త్వరగా వేయదు.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ప్రొద్దుటూరున జన్మించి మైసూరున నివసించు డాక్టరు ఖాదర్ వలీ గారికి అదే సంవత్సరమున పద్మశ్రీ లభించినది. కొర్రలు, సామలు, ఊదలు, ఆరికెలు, అండుకొర్రలు అను పేర్లు పట్టణవాసుల నోట మరల వినబడుటకు వారి ప్రచారము ముఖ్యకారణము. ఇది మన ప్రాంతమునకు గౌరవము.

అయినను రైతు రెండు సంగతులు మరువరాదు. మొదటిది, ధాన్యము ఆహారమే గాని ఔషధము కాదు. కొర్రన్నము తినుచున్నానని వైద్యుడిచ్చిన మాత్రను తనంతట తాను మానుట ప్రమాదము. సంగటి ముద్దయైనను పెద్దదైనచో చక్కెరను పెంచును. రెండవది, ఏ యొక్క ధాన్యమును సంపూర్ణాహారము కాదు. 1918లో కూనూరున ఆరంభమై 1958లో హైదరాబాదునకు మారిన జాతీయ పోషణసంస్థలో డాక్టరు సి. గోపాలన్ గారును వారి సహకారులును, కేవలము జొన్నలమీదనే బ్రతుకు దక్కను పేదలకు పెల్లాగ్రా అను చర్మరోగము వచ్చుటను పరిశోధించిరి. దానికి నియాసిన్ అను జీవసత్త్వపు లోపము కారణము. జొన్న చెడ్డదని దీని యర్థము కాదు. జొన్న ఒంటరిగా చాలదని యర్థము. మన తల్లులు జొన్నరొట్టెకు శెనక్కాయల పొడిని, ఆకుకూర పప్పును జతచేసిరి. వేరుసెనగలో ఆ జీవసత్త్వము సమృద్ధిగా నున్నది. మాంసకృత్తులును 100 గ్రాములకు సుమారు 25 గ్రాములున్నవి. పెద్దల జోడింపు శాస్త్రసమ్మతమే.

పై సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, రెండువేల కాలరీల ఆహారమునకు ధాన్యము 250 గ్రాములు, పప్పులు లేక గ్రుడ్లు, మాంసము 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు చెప్పబడినవి. పొలమున కష్టించువానికి ఇంతకంటె నెక్కువ కావలయును. కాని పాళ్లు గమనింపుడు. మన విస్తరిలో అన్నము కొండయై, కూర గోరంతయై యున్నది. దీనిని సరిచేయుటకు డబ్బు కంటె అలవాటు ముఖ్యము. పెరటిలో గోగాకు, మునగ, అనప పెంచుకొనువానికి ఇది కష్టము కాదు.

2. సద్దిమూట

ప్రయాణమునకు మిక్కిలి తగినది జొన్నరొట్టె. తేమ తక్కువ గనుక త్వరగా చెడదు. దానితో శెనక్కాయల పొడి లేక పప్పుల పొడి, ఒక ఎర్రగడ్డ చాలును. వేయించిన శనగలు, బొరుగులు, శెనక్కాయలు, చిన్న బెల్లపు ముక్క విడిగా కట్టుకొనవలెను. పులివెందుల అరటిపండైనను, మన చీనీకాయయైనను తొక్క తీసి తినునవి గనుక దారిలో సురక్షితములు.

చద్దియన్నము మజ్జిగతో ఇంటివద్ద వేకువను తినుట మంచిదే. కాని తడియన్నమును డబ్బాలో బిగించి, ఎండలో నిలిచిన బండిలో గంటలకొలది ఉంచి తినరాదు. అట్టి యన్నమున పెరుగు కొన్ని సూక్ష్మజీవులు విడుచు విషము మరల వేడిచేసినను పోదు.

వేరుసెనగ పండించు మనకు మరియొక హెచ్చరిక. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా సీమకోళ్లు చనిపోయినవి. బూజుపట్టిన వేరుసెనగ పిండి వానికి మేతగా పెట్టుటయే కారణమని తేలినది. ఆ బూజువిషమునకు అఫ్లాటాక్సిన్ అని పేరు. అది కాలేయమును చెరచును. వేయించినను పూర్తిగా నశింపదు. మంచి కాయలను అమ్మి, ముడుతపడినవి, బూజుపట్టినవి ఇంటికి ఉంచుకొను అలవాటు కొందరికి కలదు. అది పిల్లల కడుపున విషము పోయుటయే. అట్టివానిని పారవేయవలెను.

విపణియందలి కూల్‌డ్రింకు దాహము తీర్చునని పలువురు నమ్ముదురు. 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర యుండును. దానికి బదులు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ వెయ్యిపాళ్లు మేలు.

3. దారిలో శరీరరక్షణము

మన జిల్లాలో వేసవియెండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. దాహము వేయువరకు ఆగక, గంటకొక పర్యాయము నీరు త్రాగవలెను. ఇంటినుండి నీరు గొనిపోవుట మేలు. రాయలసీమ బోరునీళ్లలో పెక్కుచోట్ల ఫ్లోరైడు అధికముగా నున్నది. కాచుట వలన సూక్ష్మజీవులు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది దాని పాలు పెరుగును. కనుక పరీక్షింపబడిన నీటినే నిత్యము వాడవలెను.

విరేచనములు పట్టినచో ఓఆర్‌ఎస్ పొట్లము కలిపి త్రాగవలెను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున కలరా వ్యాపించి, నరములకెక్కించు ద్రావణము చాలనప్పుడు, డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఈ ఉప్పు చక్కెర నీటితోనే అసంఖ్యాకుల ప్రాణములు నిలిపిరి. పొట్లము దొరకనిచో ఒక లీటరు శుభ్రమైన నీటిలో తలగొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపవలెను. ఉప్పు ఎక్కువైన హాని, కొలత తప్పరాదు.

ఎండదెబ్బ తగిలినవానికి ఒడలు కాలిపోవుచుండును, మాట తప్పును, స్పృహ పోవచ్చును. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండ నీరు పోసి విసరుచు 108కు ఫోను చేయవలెను. స్పృహ లేనివాని నోట ఏమియు పోయరాదు.

మధుమేహపు మందులు వాడువారు మాత్ర వేసికొని భోజనము మానరాదు. చెమట, వణకు, ఆకలి, తడబాటు కనబడినచో చక్కెర తగ్గినదని యెంచి, స్పృహ యున్నంతసేపటిలో మూడు నాలుగు చెంచాల చక్కెరను నీటిలో కలిపి యియ్యవలెను. పావుగంటకు తగ్గనిచో మరల ఇచ్చి, పిమ్మట అన్నమో రొట్టెయో పెట్టవలెను. స్పృహ తప్పినచో వైద్యశాలయే దిక్కు. ఇన్సులిను వాడువారు సీసాను ఎండలోనున్న బండిలో నుంచక, తడిగుడ్డ చుట్టిన మట్టిపాత్రలో నుంచుకొనవచ్చును. నీరు సీసాకు తగులరాదు. కాలి స్పర్శ తగ్గినవారు వట్టికాళ్లతో వేడినేలపై నడువక, రాత్రి పాదములను దీపము వెలుగున పరీక్షించుకొనవలెను. రక్తపోటు కలవారు ప్రయాణమని ఊరగాయతోనే పూట గడుపరాదు. దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదు.

4. ఆరోగ్యహితుడు

పట్టణములందు హెల్త్ కోచ్ అను వృత్తి వచ్చినది. అమెరికాలో 2017 నుండి దానికి జాతీయపరీక్షయు జరుగుచున్నది. ఆ పని సారాంశము తెలిసినచో మన గ్రామములందును చేయదగినదే. అట్టివానిని ఆరోగ్యహితుడందము. ఇతడు వైద్యుడు కాడు, రోగము నిర్ణయింపడు, మందు ఇయ్యడు, మాన్పింపడు. తెలిసిన మంచిని అలవాటుగా మార్చుకొనుటకు తోడ్పడును.

దీనికి మార్గము ప్రదర్శకుని మార్గమే. క్రొత్త విత్తనము మంచిదని ఉపన్యసించిన రైతు నమ్మడు. ఒక మడిలో పాతది, ప్రక్కమడిలో క్రొత్తది వేసి, రెంటిని తూచి చూపిన నమ్మును. అట్లే ఆరోగ్యహితుడు ముందు తన యింటిలో మార్పు చేసి చూపవలెను. ఎదుటివాని మాట తుదివరకు వినవలెను. "నీవిది మానవలెను" అనక, "వీనిలో నీకేది సాధ్యము?" అని యడుగవలెను. ఒక మాసమునకు ఒకే మార్పు చాలును. టీలో చక్కెర సగము చేయుట, రాత్రియన్నమునకు బదులు రొట్టె, మాత్రల వేళ పుస్తకమున వ్రాయుట మొదలగునవి. మాసాంతమున బరువు, నడుము కొలత, రక్తపోటు చూచి వ్రాసికొనవలెను. అంకె మారనిచో రైతును నిందింపక ఉపాయమును మార్చవలెను.

నేర్చుకొనుటకు దూరము పోనక్కరలేదు. 1975 నుండి అంగన్‌వాడీలు, 2005 నుండి ఆశా కార్యకర్తలు గ్రామములలో పనిచేయుచున్నారు. వారితో కొన్ని దినములు తిరిగి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని యనుమతితో రక్తపోటు చూచుట, అపాయచిహ్నములు గుర్తించుట నేర్వవలెను.

విపణిలో పడిపోయిన ఆ రైతు అట్లే నేర్చెను. మరుసటి సంవత్సరము నేను వారి యూరికి విత్తనశుద్ధి చూపుటకు పోగా, అతడు తువాలు కొనను ముడివేసిన బెల్లపు ముక్కను విప్పి చూపి, "సార్, నాకు ముందే తెల్సుంటే ఆ పొద్దు అంత పని అయ్యేది కాదు. ఇప్పుడు మా ఊర్లో చక్కెర ఉండేవాళ్లందరి తువాల్లోనూ ఇది ఉండాది" అనెను. నా సద్దిమూటలో నేమున్నదని కూడ నన్ను ప్రశ్నించెను. ఆ దినము నేను ఏమియు తీసికొని పోలేదు, సిగ్గుపడితిని. నాటినుండి ఖాళీచేతులతో బయలుదేరలేదు.

సహకారసంఘములవారికి నా విన్నపము. సంఘపు కార్యాలయమున మూటలు తూచు త్రాసు ఎట్లును ఉన్నది. దాని ప్రక్కన మనుష్యుని తూచు త్రాసు, రక్తపోటు యంత్రము, కొన్ని ఓఆర్‌ఎస్ పొట్లములు, చక్కెర డబ్బా, మంచినీటి కుండ ఉంచుట గొప్ప వ్యయము కాదు. సభ్యులలో ఓర్పు గల ఇరువురిని, ఒక పురుషుని, ఒక స్త్రీని ఈ పనికి ఎన్నుకొనుడు. రాబోవు మాసపు సమావేశమున ఈ విషయము చర్చకు పెట్టుడు. సరకు విపణికి చేరి, రైతు ఇల్లు చేరనిచో ఆ ధర యెవరికొరకు?