సిన్ స్టాక్

మద్యం, పొగాకు, జూదం మీద నడిచే కంపెనీల షేర్లకు మార్కెట్లో వాడే పేరిది. మన దగ్గర జూదం షేరు కథ కాస్త విచిత్రం. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. శామీర్‌పేట పక్కన అలియాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో డబ్బు పెట్టి పేకాడితే నేరం. అదే ఫోన్‌లో పేకాట కంపెనీ షేరు కొంటే దర్జాగా పెట్టుబడి! 2021లో లిస్టెడ్ గేమింగ్ కంపెనీ నజారా టెక్నాలజీస్ కొన్న రమ్మీ సంస్థ ఓపెన్‌ప్లే కూడా హైదరాబాద్‌దే. ధర 186 కోట్లు.

ఈ షేర్లకు అసలు గండం సర్కారు కాగితాల్లో ఉంటుంది. గోవాలో క్యాసినోలు నడిపే డెల్టా కార్ప్‌కు 2023 సెప్టెంబరులో 11 వేల కోట్లు దాటిన జీఎస్టీ నోటీసు వచ్చింది. కంపెనీ మార్కెట్ విలువ కన్నా నోటీసే పెద్దది. షేరు కుప్పకూలింది.

2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ కేంద్రం నిషేధించింది. అప్పటికి నజారాకు ఆన్‌లైన్ పోకర్ ఆట పోకర్‌బాజీ మాతృసంస్థలో దాదాపు 46 శాతం వాటా ఉండేది. ఆ సంస్థ ఆదాయాన్ని తమ లెక్కల్లో కలపడం లేదని నజారా వివరణ ఇచ్చినా షేరు అమ్మకాలు ఆగలేదు.