మూడో రన్‌వే: ఎన్నికలయ్యాక చూద్దాం!

2008 మార్చి 14. శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయానికీ, లండన్ హీత్రూలో అయిదో టెర్మినల్‌కూ అదే రోజు ప్రారంభోత్సవాలు జరిగాయి. మనది ఊరి బయట విశాలమైన స్థలంలో మొదటి ఇటుక నుంచీ కట్టుకొచ్చినది. వాళ్లది ఒక్క టెర్మినల్, అంతే. దానిమీద బహిరంగ విచారణే 525 రోజులు సాగింది.

ఇక రన్‌వే కథ ఇప్పటికీ కంచికి చేరలేదు. హీత్రూకు ఉన్నవి రెండే. 2024లో వాటి మీదుగానే దాదాపు 8.4 కోట్ల మంది రాకపోకలు సాగించారు. ఏడాదికి 4.8 లక్షల విమానాలకు మించకూడదన్న పరిమితి కూడా ఉంది. మూడోది కావాలని విమానాశ్రయం అడుగుతూనే ఉంది.

వద్దనేవాళ్ల బాధ తెలియాలంటే విమానాశ్రయం పక్కనున్న హౌన్‌స్లో వైపు వెళ్లాలి. పడమటి గాలి వీచే రోజుల్లో మధ్యాహ్నం మూడు కొట్టగానే విమానాలు దిగే రన్‌వే మారుతుంది. అప్పటిదాకా ఒక వీధి నెత్తిన ఉన్న రొద పక్క వీధి మీదికి పోతుంది. మూడో రన్‌వే వస్తే ఆ పూట విశ్రాంతి కూడా కుంచించుకుపోతుందని వాళ్ల భయం. వాళ్లంతా ఓటర్లు. నాయకుల తంటా అంతా అక్కడే.

2009 జనవరిలో లేబర్ ప్రభుత్వం సరేనంది. ఆగ్రహించిన సొంత పార్టీ ఎంపీ జాన్ మెక్‌డొనెల్ కామన్స్ సభలో రాజదండాన్ని చేతబట్టి సస్పెండయ్యారు. మరుసటి ఏడాది వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం ఆ అనుమతిని రద్దు చేసింది. 2012లో సర్ హోవార్డ్ డేవిస్ కమిషన్ వేసింది. తుది నివేదికకు గడువు ఎప్పుడనుకున్నారు? 2015 ఎన్నికల తర్వాత! కమిషన్ హీత్రూకే ఓటేస్తే, నిర్ణయాన్ని లండన్ మేయర్ ఎన్నిక దాటేదాకా నాన్చారు. చివరికి 2018లో పార్లమెంటు మూడో రన్‌వే విధానాన్ని 415-119తో ఆమోదించింది. బుల్‌డోజర్ల ముందు పడుకుంటానన్న విదేశాంగ మంత్రి బోరిస్ జాన్సన్ ఆ రోజు కాబూల్‌లో ఉన్నారు. కర్ర విరగలేదు, పాము చావలేదు.

కోర్టుల వల్లే ఆలస్యమైందని చాలామంది అంటారు. వాతావరణ హామీలను పట్టించుకోలేదంటూ 2020 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు ఆ విధానాన్ని కొట్టేసిన మాట నిజమే. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. అంటే కోర్టు ఖాతాలో పది నెలలు. మిగతా ఏళ్లు ఎవరి ఖాతాలో వేయాలి?

ఈ నాన్చుడు ఖరీదు చెల్లిస్తున్నది రన్‌వే దారిలో ఉన్న సిప్సన్, హార్మండ్స్‌వర్త్ గ్రామాలు. హార్మండ్స్‌వర్త్‌లో 15వ శతాబ్దపు ఓక్ దూలాల ధాన్యపు కొట్టం ఇప్పటికీ నిలబడి ఉంది. దాని చుట్టూ ఉన్న ఇళ్ల సంగతే తేలలేదు. పోయే ఇంటికి మార్కెట్ ధరమీద పాతిక శాతం అదనంగా ఇస్తామన్నారు, కానీ ఎప్పుడు? పైకప్పు మార్చాలా, కొనేవాడికి ఏం చెప్పాలి, పిల్లల్ని ఇక్కడి బడిలోనే ఉంచాలా? సిప్సన్‌లో కొన్ని ఇళ్లను విమానాశ్రయమే కొని అద్దెకిచ్చింది. పొరుగువాళ్లు మారుతుంటారు, అనుమానం మాత్రం కాపురముంటుంది. నా దృష్టిలో ‘వద్దు’ అని తేల్చి చెప్పినా ఈ ఊళ్లకు ఇంతకన్నా మేలే జరిగేది.

2025 జనవరిలో ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ మళ్లీ పచ్చజెండా ఊపారు. 2035కల్లా విమానాలు ఎగరాలన్నది ప్రభుత్వ ఆశ. ఈలోగా, 2029 ముగిసేలోపే, బ్రిటన్‌లో మళ్లీ ఎన్నికలు రావాలి.